హాజరు ఫొటోలో నవ్వు

జూన్ 9, సోమవారం

ఇవాళ్టి నుంచి మొహం హాజరు. జిల్లాలోని మా శాఖ ఆఫీసులన్నిటికీ కలిపి ఆ సీటు నాకే అంటగట్టారు. పదిన్నరకల్లా ప్రతి ఆఫీసులోనూ గోడకు బిగించిన ట్యాబ్ ముందు నిలబడి మొహం చూపించాలి. ఆ ఫొటో, వచ్చిన టైము ఇక్కడ కామారెడ్డిలో నా కంప్యూటర్ మీద పడతాయి. ఆలస్యంగా వచ్చినవాళ్ల పేర్లు తీసి, మెమోలు తయారుచేసి మా జిల్లా అధికారి మేడమ్ సంతకానికి పెట్టాలి.

పక్క సీటు రాజ్‌కుమార్ పొద్దున్నే మొదలుపెట్టాడు. "ఇగ మీ ఇంట్ల కొట్లాటనే మేడమ్. మొదటి మెమో మీ సారుకే పోతది."

పోతుంది మరి. నరేందర్ ఎల్లారెడ్డి ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. పదిన్నర అంటే ఆయన లెక్కలో ఇంట్లో రెండో చాయ తాగే వేళ. పెళ్లినాడు ముహూర్తం దాటాక పందిట్లోకి వచ్చాడు. సిద్దార్థ పుట్టినప్పుడు ఆస్పత్రికి వచ్చేసరికి పిల్లవాడు స్నానం చేసి నిద్రపోతున్నాడు. మెమోలు ఇచ్చిన ఆఫీసర్లే బదిలీ మీద పోయారు గానీ ఈయన మాత్రం మారలేదు.

సాయంత్రం చెప్పాను. "రేపటి సంది జర జల్ది పో. నా చేతుల మీదికెళ్లి నీకు మెమో ఇప్పియ్యకు."

"చూద్దాం తియ్" అన్నాడు టీవీలోంచి కళ్లు తిప్పకుండా.

జూన్ 10

లేపకముందే లేచాడు! కారు తీసుకుని పోయాడు. ఎల్లారెడ్డి ఫొటోల్లో టైముకు ముందే ఉన్నాడు. మొహం ఆముదం తాగినట్టుంది, అయినా నాకు పండగలా అనిపించింది.

జూన్ 13

మేడమ్ నన్ను పిలిచి, "మీ ఆయన్ని బాగా దారిలో పెట్టారమ్మా" అంది. రాజ్‌కుమార్ విన్నాడు. వినాలనే తలుపు తెరిచి ఉంచాను.

జూన్ 19, గురువారం

ఒక సంగతి గమనించాను. రాసుకుంటే తేలికవుతుందని రాస్తున్నాను.

రోజూ ఎల్లారెడ్డి నుంచి మొదట వచ్చే ఫొటో వందనది. కొత్తగా పరీక్ష రాసి వచ్చిన జూనియర్ అసిస్టెంటు, ప్రొబేషన్ ఇంకా పూర్తి కాలేదు. సొంతూరు కూడా ఎల్లారెడ్డే. ట్యాబ్ తెరవడం, మూయడం ఆమె పని. కాబట్టి మొదటి మొహం ఆమెది. రెండోది నా మొగుడిది. ఆమె వెనకాలే, నిమిషం తేడాలో. నిన్నా అంతే, మొన్నా అంతే.

ఇంకొకటి. పోయిన వారం ఫొటోల్లో ఆముదం మొహం. ఈ వారం నవ్వుతున్నాడు.

జూన్ 20

ఇవాళ కూడా నవ్వాడు.

జూన్ 24, మంగళవారం

ట్యాబ్ ముందు నిలబడితే ఎవడైనా నవ్వుతాడా? జిల్లాలో ఉన్న అందరి మొహాలూ పొద్దున్నే నా ముందు నుంచి పోతాయి. ఒక్కరి పెదవి కూడా కదలదు. పాస్‌పోర్టు ఫొటోకు కూర్చున్నట్టు ఉంటారు. నా మొగుడొక్కడే పళ్లు కనబడేలా, కళ్లు చిన్నవి చేసుకుని, ఎదురుగా తనకు ఇష్టమైన మనిషి ఉన్నట్టు నవ్వుతున్నాడు. ట్యాబ్ పక్కన ఎవరుంటారు? వందన ఉంటుంది.

ఆ నవ్వు నాకు తెలుసు. ఎప్పుడో నాకూ దక్కింది. ఇంట్లో చూసి ఎన్నేళ్లయిందో!

వందన ఫొటోను పెద్దది చేసి చూశాను. నూనె పెట్టి బిగించి వేసిన జడ, మెడలో సన్నటి సిలువ గొలుసు, చెవులకు ఏమీ లేవు. ఏముందని? వయసుంది. ఆ మాట రాయడానికి చేతులు రావడం లేదు గానీ, వయసుంది.

ఆ ఆఫీసు హాజరు చూడటం నా డ్యూటీ. అందుకే చూస్తున్నాను.

జూన్ 27

మధ్యాహ్నం డబ్బా పెట్టింది పెట్టినట్టే తిరిగొచ్చింది. "ఆకలి కాలె" అన్నాడు. మొన్నా కాలేదట. పైగా చేతిలో ఒక సంచి, నిండా బీరకాయలు. లేతవి, పొద్దున్నే కోసినవి.

"ఎవలిచ్చిన్రు?"

"ఆఫీసుల ఇచ్చిన్రు."

"ఆఫీసుల ఎవలు?"

"అబ్బ, బీరకాయలకు గూడ పంచనామా చేస్తవా?"

ఊళ్లో ఇల్లున్నది ఆమెకు. ఇంటి వెనక పాదు ఉండే ఉంటుంది. ఆమె బువ్వ తిని, ఆమె బీరకాయలు మోసుకుని నా ఇంటికి వస్తాడా! గుప్పెడు కారం పోసి వండాను. మారు మాట్లాడకుండా తిన్నాడు. "మంచిగున్నయి" అన్నాడు. నా కడుపు ఆ కూర కంటే ఎక్కువ మండింది.

జూలై 1, మంగళవారం

ట్యాబ్ సరిగ్గా పనిచేస్తోందా అని అడగడానికి ఎల్లారెడ్డికి ఫోన్ చేశాను. వందనే ఎత్తింది. సన్న గొంతు.

"మంచిగనే పనిచేస్తుంది మేడమ్."

"నరేందర్ సారు వచ్చిండా?"

ఆగింది. ఒక మనిషి పేరు చెబితే ఊపిరి అంతసేపు ఎందుకు ఆగాలి?

"ఆఁ... వచ్చిండ్రు మేడమ్. గిప్పుడే బయటికి పోయిండ్రు."

అబద్ధం చెప్పడం అలవాటు లేని గొంతు. అక్కడే, ఆమె పక్కనే కూర్చుని ఉంటాడు. చెయ్యి ఊపుతూ లేనని చెప్పమని ఉంటాడు.

జూలై 2

నాకు అసూయ లేదు. అడగవలసిన డ్యూటీ ఉంది, అడిగాను.

జూలై 7

కొత్త చీర కట్టుకున్నాను. రాజ్‌కుమార్ బాగుందన్నాడు, మేడమ్ బాగుందంది, చాయ తెచ్చే గంగారాం కూడా "ఇయ్యాల పండుగనా అమ్మా?" అన్నాడు. చూడవలసిన మనిషి కారు తాళాలు వెతుక్కుంటూ నా భుజం మీదుగా చూశాడు.

ఎల్లారెడ్డి ఫొటోలో మాత్రం అదే నవ్వు.

జూలై 10, గురువారం

మేడమ్‌కు నోట్ పెట్టాను. ఎల్లారెడ్డి ఆఫీసులో ఆకస్మిక తనిఖీ జరపాలని.

"జిల్లాలో ఇన్ని ఆఫీసులుండగా ఎల్లారెడ్డి మీదే మీకు అనుమానం ఎందుకొచ్చింది?" అంది మేడమ్.

"అందరూ రోజూ టైముకు వస్తున్నారు మేడమ్. అదే అనుమానం."

మేడమ్ పగలబడి నవ్వి సంతకం పెట్టింది. వచ్చే మంగళవారం తనిఖీ. ఎవరికీ చెప్పొద్దంది.

నిజానికి నాకు కావలసింది హాజరు కాదు. పొద్దున్నే తలుపు తోసేసరికి ఇద్దరూ ఒకచోట ఉండాలి. చూసినవాళ్లు నలుగురూ చెప్పుకోవాలి. ఆమెను ఏ మూలకో పంపేయాలి. రాశాక మళ్లీ చదువుకున్నాను. కొట్టేయబుద్ధి కాలేదు.

జూలై 13, ఆదివారం

వేములవాడ వెళ్లొచ్చాం. అత్తమ్మ ఎప్పుడో మొక్కిన మొక్కు, కొడుకు తలనీలాలు ఇస్తాడని. ఆమె మోకాళ్ల నొప్పులని రాలేదు. తాడ్వాయిలోనే ఉండిపోయింది. నరేందర్‌కు గుండు ఎంత బాగా కుదిరిందో! మీసం కూడా తీసేశారు. సిద్దార్థ తండ్రి తల మీద చెయ్యి పెట్టి నవ్వీ నవ్వీ దారంతా దగ్గాడు. చాలా రోజులకు ముగ్గురం కలిసి నవ్వాం.

నేను రాజన్న దేవుణ్ని అడిగింది ఒకటే. వందనను ఆదిలాబాద్ అవతలికి బదిలీ చెయ్యమని. ఆ మొక్కు తీరితే గుడిలో కోడెను కడతానన్నాను.

జూలై 14, సోమవారం



పొద్దున్నే కంప్యూటర్ తెరిచాను. వందన, ఆమె వెనకాలే నరేందర్. అదే నవ్వు. ట్యాబ్ ఒప్పుకుని పచ్చ గుర్తు వేసింది. ఫొటోలో నా మొగుడికి ఒత్తుగా జుట్టు, దువ్విన పాపిడి, నిండుగా మీసం!

నిన్న వేములవాడలో క్షవరం చేయించుకున్న మనిషి. ఇవాళ పొద్దున నా ముందే గుండుకు కొబ్బరినూనె రాసుకుని బయల్దేరిన మనిషి.

గట్టిగా నవ్వేశాను. రాజ్‌కుమార్ తిరిగి చూశాడు. దగ్గు వచ్చినట్టు నటించి బయటికి వెళ్లాను.

ట్యాబ్ ముందు నిలబడుతున్నది నరేందర్ కాదు, నరేందర్ ఫొటో. వందన దాన్ని ఫోన్‌లోంచి చూపిస్తోంది. ఏ ఫొటోనో కూడా అప్పుడే తెలిసింది. మాచారెడ్డిలో మా చెల్లి గృహప్రవేశంనాడు నేను తీసిందే. పాలు పొంగి పొయ్యి ఆరిపోతే నేనేదో అన్నాను, ఆయన నవ్వాడు, నేను ఫొటో తీశాను. నెల రోజులుగా నేను కుళ్లి చచ్చింది నన్ను చూసి నవ్విన నవ్వు మీదే!

ఆ గడియలో నాకు కలిగింది సంతోషం. రాయడానికి సిగ్గుగా ఉంది. నా మొగుడు దొంగ హాజరు వేయిస్తున్నాడు, హాజరు చూసే సీటు నాది, రేపే తనిఖీ. అయినా మొదట వచ్చింది సంతోషమే.

మరి పొద్దున్నే కారు తీసుకుని ఎక్కడికి పోతున్నట్టు? ఎల్లారెడ్డి దారిలోనే తాడ్వాయి. అత్తమ్మకు ఫోన్ చేశాను.

"ఈన్నే ఉన్నడు బిడ్డా. మోటరు కొట్టం కాడ మంచంల పన్నడు. గుండుకు ఎండ సుర్రుమంటుందని నా కొంగు గుంజుకొని సుట్టుకున్నడు. మీ ఆఫీసోల్లు ఫీల్డు డ్యూటీ ఏసిన్రట గద, రోజు వస్తడు. రెండు బుక్కలు తిని పంటడు. బీరకాయలు లేతగున్నయా బిడ్డా? మల్ల పంపుతా."

"లేతగనే ఉన్నయి అత్తమ్మా."

సాయంత్రం ఆయన రాగానే, "రేపు తనిఖీ ఉన్నది. సక్కగ ఎల్లారెడ్డికి పో" అన్నాను. మేడమ్ ఎవరికీ చెప్పొద్దన్న మాట. చెప్పేశాను. ఆయన ఉద్యోగం పోతుందని భయపడ్డాను.

ఆయన గుండు గోక్కున్నాడు. "గీ ముచ్చట ముందుగాల్నే చెప్పద్దా?"

అంతే. నేను తిట్టినవన్నీ విన్నాడు. ఆ మధ్య ఆఫీసు మీద విరక్తి పుట్టిందట. మిగిలిన ముగ్గురు సీనియర్లూ అలాగే చేస్తున్నారట.

వందన నెంబరు నా ఫోన్‌లో ఉంది. ఆమెకూ ఒక్క మాట చెప్పొచ్చు. చెప్పలేదు. అందరికీ తెలిస్తే ఎవరు చెప్పారో కూడా తెలిసిపోతుంది కదా. అందుకే చెప్పలేదు. అందుకే.

జూలై 15, మంగళవారం

దొరికింది. తనిఖీ బృందం లోపలికి వెళ్లేసరికి వందన ట్యాబ్ ముందు ఫోన్ పట్టుకుని ఉంది. ఫోన్‌లో ఒక సీనియర్ మొహం. ఇంకో ఇద్దరివి అప్పటికే చూపించేసింది. ఆఫీసులో తన సీటులో ఉన్న సీనియర్ ఒక్కడే, నరేందర్.

మేడమ్ కామారెడ్డికి తిరిగొచ్చి మా ఆఫీసులో అందరి ముందూ అంది. "చూడండి, మారిన మనిషంటే వీళ్లాయనే." రాజ్‌కుమార్ చప్పట్లు కొట్టాడు. నేను ఫైలులో తల పెట్టుకున్నాను.

వందనను సస్పెండ్ చేశారు. ప్రొబేషన్‌లో ఉంది కాబట్టి ఉద్యోగమే పోవచ్చట.

జూలై 16

ఆయన ఇవాళ కూడా టైముకే వెళ్లాడు. నిజంగానే వెళ్లాడు.

జూలై 18, శుక్రవారం

ముగ్గురు సీనియర్లూ రాసిచ్చిన వాంగ్మూలాలు ఒకే అచ్చు. ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెట్టుకున్న పెళ్లి ఫొటోలను ఆ అమ్మాయి తమకు తెలియకుండా వాడుకుందట. తాము ఫీల్డులో ఉన్నారట. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు ఎంత నిమ్మళంగా రాశారో.

వందన వాంగ్మూలం పొద్దుపోయాక వచ్చింది. సార్లు చెబితే చేశానని రాసింది. ముగ్గురి పేర్లూ రాసింది.

నరేందర్ పేరు లేదు.

మళ్లీ చదివాను. లేదు. తన ఉద్యోగం మంటల్లో ఉంటే నా మొగుడి పేరును ఒడిలో దాచుకుంటుందా? నిప్పు లేనిదే పొగ రాదు. చల్లారిందనుకున్న కడుపు మళ్లీ రగిలింది. ఆ మాచారెడ్డి నవ్వును రోజూ చేతిలో పట్టుకున్నది ఆమే కదా. చూస్తూ చూస్తూ మనసు పడిందేమో.

పాత ఫొటోల్లో అనుమానమున్నవన్నీ తీసి సోమవారంకల్లా ఇమ్మంది మేడమ్. మొన్న పద్నాలుగో తేదీ నాటి జుట్టు ఫొటో సంగతి నా ఒక్కదానికే తెలుసు. ఇప్పటికైతే పక్కన పెట్టాను.

జూలై 21, సోమవారం

వందన కామారెడ్డికి వచ్చింది. మేడమ్ మీటింగులో ఉంటే నా బల్ల దగ్గర నిలబడింది. గేటు బయట వాళ్ల నాన్న స్వామిదాసు, తలకు తువ్వాలు చుట్టుకుని. కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"మీ సార్ల పేర్లు రాసినవు. నరేందర్ సారు పేరు ఎందుకు రాయలె?" అన్నాను. గొంతు ఆఫీసు గొంతులా ఉంచాలని చూశాను.

"ఆ కాయితం మీ టేబుల్ మీదికే వస్తది గద మేడమ్. మీ సారు మీద మీరెట్ల రాస్తరు? ఇంట్ల లొల్లయితదని..."

"ఆయన నీకు చెప్పిండా రాయొద్దని?"

"సారు నాతోని ఎన్నడు మాట్లాడలే మేడమ్. ఫొటో పంపిండ్రు, గంతే. ఆఫీసుకు రమ్మంటే రారు, ఫొటో చూపియ్యనంటే పెద్దసారుకు చెప్పి ప్రొబేషన్ ఆపుతమన్నరు ఆ సార్లు." చున్నీతో ముక్కు తుడుచుకుంది. "తనిఖీ నాడు గూడ మాట్లాడలే. ఇయ్యాల నా ఫొటో వద్దని మెసేజ్ పెట్టిండ్రు, గంతే. సీటుల ఎవరో గుండాయన కూసున్నడు. పనిమీద వచ్చినోళ్లెవరో అనుకున్న. నేను ఒక్కొక్క సారు ఫొటో చూపెడుతుంటే ఊకనే చూసుకుంట కూసున్నడు. మేడమోళ్లు లోపటికొచ్చి పేరు వెట్టి పిలిస్తే అప్పుడు ఎర్కయింది, గాయననే మా నరేందర్ సారని."

గుర్తు కూడా పట్టలేదు! ఈమె మీదనా నేను కోడె మొక్కు మొక్కింది!

"నౌకరి వచ్చినంక మా బాపును హమాలి పని బంద్ చేపిచ్చిన అక్కా. మల్ల పోతా అంటుండు." మేడమ్ అనవలసిన చోట అక్కా అంది. చూసుకోలేదు. నేనూ సరిచెయ్యలేదు.

సాయంత్రం చాయ ఇచ్చి ఆయన ఎదురుగా కూర్చున్నాను. "వందన నౌకరి పోతదట."

"ఎవలు? ట్యాబ్ పిల్లనా? పాపం." బిస్కెట్ ముంచుకున్నాడు. "ప్రొబేషన్ల ఉన్నోల్లు గిసొంటియి పెట్టుకోవద్దు."

"నీ కోసమే గద పెట్టుకున్నది."

"నేనేమన్న బలిమి చేసిన్నా? పెద్దోల్లు చెప్పిన్రు, చేసింది."

"తనిఖీ వస్తుందని నీకు ఎర్కనే. ఆమె నీ ముందట్నే ఫోన్ పట్టుకున్నది. ఒక్క మాట చెప్పలేకపోయినవా?"

"చెప్తే నీ మీదికి రాదా?" అన్నాడు. రిమోట్ కోసం చుట్టూ చూశాడు.

నేను ఏమేం ఊహించుకున్నాను! పొద్దున్నే ఒక మనిషి కోసం లేచేవాడు, ఒక మనిషిని చూసి నవ్వేవాడు ఎల్లారెడ్డిలో ఒకడున్నాడనుకున్నాను. వాడు నాకు కాకుండా పోయాడని ఏడ్చాను. అలాంటివాడు ఎక్కడా లేడు. ఆమె మీద మోజుతోనైనా రోజూ ఆఫీసుకు పోయి ఉంటే ఇంతకంటే నయంగా ఉండేదని ఇవాళ అనిపించింది. పెళ్లాం రాయవలసిన మాట కాదు. రాశాను.

ఆయన చెప్పలేదు సరే, నేను చెప్పానా? ఒకే ఇంట్లో ఇద్దరికీ తెలుసు.

జూలై 22, మంగళవారం

జుట్టు ఫొటో ప్రింట్ తీశాను. తనిఖీనాడు బృందం తీసిన గుండు ఫొటో దాని పక్కన. వేములవాడలో ఆదివారం క్షవరం జరిగిందని, సోమవారం ఆయన తాడ్వాయిలో ఉన్నాడని నా చేతితో రాశాను. జుట్టు ఫొటో నేను తీసిందేనని, ఆయన పంపితే తప్ప వందనకు దొరకదని రాశాను. తనిఖీ సంగతి ముందే చెప్పింది నేనేనని కూడా రాసి సంతకం పెట్టాను. వందన మాట నిజమని చూపించడానికి ఇంతకు మించి సాక్ష్యం లేదు. ఆ ముగ్గురూ తమ ఫొటోల గురించి ఏమైనా బుకాయించవచ్చు గానీ, నా మొగుడికి రాత్రికి రాత్రి జుట్టు మొలిచిందని ఎవరూ బుకాయించలేరు.

డ్యూటీ కోసం చేశానని రాసుకుంటే బాగుంటుంది. కాదు. ఆమె నా ఇల్లు కాపాడాలని తన ఉద్యోగం పోగొట్టుకుంటోంది. నాకంటే మంచిది కావడం ఓర్చుకోలేకపోయాను. అందులో కూడా కొంచెం పాత అసూయే ఉంది.

మేడమ్ చదివింది, కళ్లద్దాలు తీసింది. "మీ మీద కూడా చర్య తీసుకోవలసి వస్తుంది, తెలుసా?"

"తెలుసు మేడమ్."

"ఇంటికి వెళ్లి ఆలోచించుకుని రండి."

"ఇంటికి వెళ్తే ఇవ్వలేను మేడమ్."

జూలై 25, శుక్రవారం

నన్ను ఆ సీటు నుంచి తీసేశారు. రాజ్‌కుమార్‌కు ఇచ్చారు. వందన ఫైలు తిరిగి విచారణకు పోయింది, ఉద్యోగం నుంచి తీసేసే మాట ఆపారు. సీనియర్లు నలుగురికీ ఛార్జి మెమోలు వెళ్లాయి. నాకూ ఒకటి వచ్చింది.

ఆయన మెమో కాగితం చేత్తో పట్టుకుని ఇంటికి వచ్చాడు. చెప్పులు కూడా విప్పలేదు. గుండు మీద వెంట్రుకలు సన్నగా మొలుస్తున్నాయి.

"నువ్వే ఇచ్చినవట."

"ఇచ్చిన."

ఒక అడుగు ముందుకు వేశాడు. కొడతాడేమో అనుకున్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నాకన్న ఆ పిల్ల ఎక్కువైందా నీకు?"

ఈ మాట నెల రోజుల నుంచి నా నాలుక చివరన ఉంది. డబ్బా తిరిగొచ్చిన రోజూ, కొత్త చీర కట్టిన రోజూ అడగబోయి మింగాను. అదే మాట ఆయన నన్ను అడుగుతుంటే ఎంత నొప్పో ఆయన మొహంలో కనిపించింది. జాలి వేసింది. దగ్గరికి పోయి గుండు నిమరాలనిపించింది కూడా.

"అయింది" అన్నాను. "జవాబు రాసుకో. వారంల ఇయ్యాలె. ఈసారన్న టైముకు ఇయ్యి."

లోపలికి వచ్చి నాకు వచ్చిన మెమో తెరిచి, నా జవాబు రాయడానికి కూర్చున్నాను.